కొండ కడుపులో నీరు

కాళ్లు లేవు, కొండ దిగుతుంది.
నోరు లేదు, రాత్రంతా మాట్లాడుతుంది.
చేతులు లేవు, రాళ్లను నున్నగా చేస్తుంది.
ఏమిటది?

అక్కల్లారా! చెల్లెళ్లారా!

పొడుపు కథ విప్పారా? అవును, గెడ్డ నీరే. నీరు మనకు కొత్త కాదు. తెల్లారి లేస్తే బిందె పట్టుకుని ఊట దగ్గరికి పోయేది మనమే. ఏ నెలలో ఊట లావుగా వస్తుందో, ఏ నెలలో సన్నబడుతుందో మనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. కుళాయి వచ్చిన ఊళ్లో కూడా చాలాచోట్ల ఆ గొట్టం పై చివర ఒక ఊటే ఉంటుంది.

అయితే ఆ ఊటకు నీరు ఎక్కడి నుంచి వస్తుంది? వానలు ఆగిపోయి నాలుగు నెలలైనా ఎలా వస్తూనే ఉంటుంది? కొన్ని ఊటలు ఇటుకల పండగ రాకముందే ఎందుకు ఎండిపోతున్నాయి? ఈ పాఠంలో అదే తెలుసుకుందాం.

ముందు ఒక లెక్క

మన చీర వెడల్పు సుమారు ఒక మీటరు ఉంటుంది. ఆ చీరను ఒక మీటరు పొడవుకు మడిచి నేల మీద పరచండి. నాలుగు వైపులా ఒక్కో మీటరు. ఆ కాస్త చోటులో ఏడాదికి ఎంత వాన పడుతుంది?

మన ముంచింగిపుట్టు, అరకు, పాడేరు కొండల్లో ఏడాదికి 1,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అంటే ఆ చీర పరిచినంత చోటులో 1,000 లీటర్లు. బిందెకు 15 లీటర్లు అనుకుందాం. 66 బిందెలు!

ఇప్పుడు ఒక ఎకరం కొండ తీసుకోండి. ఎకరం అంటే అలాంటి చీరలు 4,000 పరిచినంత చోటు. ఆ ఎకరంలో ఏడాదికి 40 లక్షల లీటర్ల వాన పడుతుంది. బిందెల్లో చెబితే రెండున్నర లక్షల బిందెలకు పైనే.

ఒక ఇంటికి రోజుకు 10 బిందెలు వాడతామనుకుందాం. ఏడాదికి 3,650 బిందెలు. అంటే ఒక్క ఎకరం మీద పడిన వాన సుమారు 70 ఇళ్లకు ఏడాది పొడవునా సరిపోవాలి. మన ఊరి పైన ఉన్నది ఒక ఎకరం కాదు, వందల ఎకరాల కొండ. అయినా ఎండాకాలంలో రెండు బిందెల కోసం మనం అంత దూరం నడుస్తున్నాం.

మరి పడిన వాన అంతా ఎక్కడికి పోయింది?

వానకు మూడు దారులు

కొండ మీద పడిన వాన మూడు దారులు పడుతుంది.

ఒకటి, పైకి పోతుంది. ఎండకు, గాలికి ఆవిరవుతుంది. చెట్లు కూడా కొంత నీరు తాగి, ఆకుల నుంచి ఆవిరిగా వదులుతాయి.

రెండు, పక్కకు పోతుంది. నీరు పల్లమెరుగు కదా! నేల మీద జారి, గెడ్డలో పడి, పరుగున పోతుంది.

మూడు, లోపలికి పోతుంది. మట్టిలో ఇంకి, రాతి పగుళ్లలోకి దిగి, కొండ కడుపులో నిలవ ఉంటుంది.

మన ఊటకు వచ్చేది ఈ మూడో నీరే. చోడులు పండినప్పుడు గాదెలో పోసుకుంటాం. పంట లేని నెలల్లో తీసుకు తింటాం. కొండ కూడా అలాగే చేస్తుంది. వానల్లో నీరు పోసుకుంటుంది. ఎండల్లో కొంచెం కొంచెం ఇస్తుంది. కొండ మన నీటి గాదె.

గాదెలో పోసిందే కదా తీసుకోగలం! వాన పక్కకు జారిపోతే గాదె నిండదు. వాన లోపలికి దిగితేనే గాదె నిండుతుంది. ఈ ఒక్క మాట గట్టిగా గుర్తు పెట్టుకోండి. మిగతా పాఠం అంతా దీని చుట్టూనే ఉంది.

మన రాయికి మన వాళ్ల పేరు

కొండ రాయి కదా, రాయిలో నీరు ఎలా నిలుస్తుంది?

మన కొండలు తూర్పు కనుమలు. ఇవి చాలా ముసలి కొండలు. ఈ రాయి వయసు సుమారు 100 కోట్ల ఏళ్లు లేదా అంతకంటే ఎక్కువ. మొదట ఇది బురద. నేల లోపలికి దిగబడి, వేడికి, బరువుకు ఉడికి, నొక్కుకుపోయి రాయి అయింది. కుమ్మరి బట్టీలో మెత్తటి మట్టి గట్టి కుండ అయినట్టే.

ఈ రాయికి శాస్త్రవేత్తలు ఖోండలైట్ అని పేరు పెట్టారు. ఎందుకో తెలుసా? ఈ కొండల్లో ఉండే కోందు జనం పేరు మీద. ప్రపంచంలో ఎక్కడ ఏ భాషలో ఈ రాయి గురించి చదివినా, మన కొండ జనం పేరు పలకాల్సిందే. ఈ రాయిలో చిన్న చిన్న ఎర్రటి పలుకులు కనబడతాయి. వాటిని గార్నెట్ అంటారు. ఈసారి కొండకు వెళ్లినప్పుడు చూడండి.

ఈ రాయి పైపొర ఎండకు వేడెక్కుతుంది, రాత్రి చలికి చల్లబడుతుంది. వానకు తడుస్తుంది. లక్షల ఏళ్లు ఇలా జరిగి పగుళ్లు పడుతుంది. పగుళ్లలోకి నీరు, వేర్లు దిగుతాయి. గట్టి రాయి నెమ్మదిగా పొడి రాయి అవుతుంది. పొడి రాయి మట్టి అవుతుంది. ఒక అంగుళం మట్టి తయారవడానికి వందల ఏళ్లు పడుతుంది. ఒక్క పెద్ద వాన దాన్ని ఒక్క రోజులో కొట్టుకుపోగలదు.

మన మట్టి ఎందుకు ఎర్రగా ఉంటుంది? రాయిలో ఇనుము ఉంది. గునపం వానలో వదిలేస్తే తుప్పు పడుతుంది కదా! రాయిలోని ఇనుము కూడా అలాగే తుప్పు పట్టింది. మన మట్టి ఎరుపు ఆ తుప్పు రంగే.

ఇక ఊట ఎలా పుడుతుందో చూడండి. పైన మట్టి. దాని కింద పగుళ్ల రాయి. ఇంకా కింద పగలని గట్టి రాయి. వాన నీరు మట్టిలో ఇంకుతుంది. పగుళ్ల రాయిలోకి దిగుతుంది. గట్టి రాయి తగలగానే ఆగిపోతుంది. ఇంకా కిందికి పోలేక, ఆ రాయి వాలు వెంట పక్కకు నడుస్తుంది. కొండ పక్కన ఆ రాయి ఎక్కడ బయట పడితే, నీరు అక్కడ బయటికి వస్తుంది. అదే ఊట.

నేల మీద నీరు పరుగెత్తుతుంది. రాతి లోపల నీరు పాకుతుంది. వారాలు, నెలలు పడుతుంది. అందుకే ఆషాఢంలో పడిన వాన మాఘంలో మన బిందెలోకి రాగలదు.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. లోపలి రాయి వాలు, పైకి కనబడే కొండ వాలు ఒకటే కానక్కర లేదు. మన ఊటకు నీరు కొండ అవతలి వైపు నుంచి కూడా రావచ్చు. అంటే మన బిందె నిండాలంటే అవతలి ఊరి వాళ్లు కూడా కొండను చూసుకోవాలి. వాళ్ల బిందె నిండాలంటే మనం చూసుకోవాలి.

నీరు రాయిని తింటుందా?

తింటుంది! అనంతగిరి మండలంలో బొర్రా గుహలు ఉన్నాయి. అక్కడి రాయి సున్నపు రాయి. వాన నీరు గాలి నుంచి, మట్టి నుంచి కార్బన్ డయాక్సైడ్ అనే గాలిని కలుపుకుంటుంది. అప్పుడు నీటికి కొంచెం పులుపు గుణం వస్తుంది. ఆ నీరు సున్నపు రాయిని బొట్టు బొట్టుగా కరిగించింది. లక్షల ఏళ్లకు అంత పెద్ద గుహ అయింది. కరిగిన సున్నం పై నుంచి కారే బొట్ల దగ్గర మళ్లీ పేరుకుంటుంది. అక్కడి రాతి స్తంభాలు అలా పెరిగినవే. మన ఖోండలైట్ రాయి సున్నపు రాయిలాగా కరగదు. పగుళ్లు పడి పొడి అవుతుంది. రాయిని బట్టి నీటి పని మారుతుంది.

మట్టిలో పనివాళ్లు

అడవిలో చెట్టు కింద ఎండుటాకులు తప్పించి, మట్టిని చేత్తో తియ్యండి. ఏం కనబడుతుంది? పైన ఎండుటాకు. దాని కింద కుళ్లిన ఆకు. దాని కింద నల్లటి మెత్తటి మట్టి. వాసన చూడండి. తొలి వాన వాసన వస్తుంది.

ఆ మట్టి నిండా పనివాళ్లే.

వానపాము మట్టిని తిని, ఎరువు చేసి వదులుతుంది. అది నడిచిన దారి సన్నటి గొట్టంలా మిగులుతుంది. ఆ గొట్టంలో నీరు లోపలికి దిగుతుంది.

చెదలు ఎండు పుల్లలు తెచ్చి పుట్ట లోపల పేర్చుకుంటాయి. వాటి మీద ఒక రకం బూజు పెంచుకుని తింటాయి. మనం మడిలో నారు పోసి పంట పండించినట్టే, చెదలు పుట్టలో బూజు పండిస్తాయి. తొలకరి వానలకు పుట్ట మీద లేచే పుట్టగొడుగు ఆ బూజు నుంచి వచ్చిందే. మనం కూర వండుకునేది చెదల పంట!

ఇంకా కంటికి కనబడని జీవులు కోట్లలో ఉంటాయి. వాటిని సూక్ష్మజీవులు అంటారు. ఇవి ఆకును కుళ్లబెట్టి మట్టిలో కలుపుతాయి. ఇవి లేకపోతే రాలిన ఆకు రాలినట్టే ఉండిపోతుంది. మట్టికి బలం రాదు.

ఈ పనివాళ్ల వల్ల మట్టి బూరుగు దూది పరుపులా అవుతుంది. దానికి బోలెడు చిల్లులు. పడిన వాన పడినట్టే ఇంకిపోతుంది.

ఆకు కప్పు లేని బోడి నేల సంగతి ఏమిటి? వాన చినుకు గులకరాయిలా వచ్చి నేలను కొడుతుంది. మట్టి చిల్లులు పూడిపోతాయి. పైన అట్ట కడుతుంది. ఇక నీరు దిగదు, జారిపోతుంది. జారుతూ మట్టిని కూడా తీసుకుపోతుంది. వానాకాలంలో గెడ్డ ఎర్రగా పారుతుంటే అర్థం చేసుకోండి. అది మన చేను కొట్టుకుపోతున్న రంగు.

చెట్టు చేసే పనులు

"చెట్లుంటే నీరు ఉంటాది అంటారు. మరి చెట్టు నీరు తాగదా ఏటి?" అని ఒక పెద్దమ్మ అడగవచ్చు. మంచి ప్రశ్న. చెట్టు నీటిని తయారు చెయ్యదు. చెట్టు కూడా నీరు తాగుతుంది. కావాలంటే చూడండి. పొద్దున్నే ఒక ఆకుల కొమ్మకు పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి, మూతి గట్టిగా కట్టండి. మధ్యాహ్నం వెళ్లి చూడండి. కవరు లోపల నీటి బొట్లు ఉంటాయి. అవి ఆకు వదిలినవి.

ఆకు చెట్టుకు వంటిల్లు. వేరు నీరు తెస్తుంది. ఆకు గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటుంది. ఎండ పొయ్యి మంట. ఈ మూడింటితో ఆకు చెట్టుకు తిండి వండుతుంది. ఆ వంటలో బయటికి వచ్చే ఆక్సిజన్ మనం పీల్చుకుంటాం. దీన్ని పుస్తకాల్లో కిరణజన్య సంయోగక్రియ అంటారు. పెద్ద మాటే. మీ పిల్లల సైన్సు పుస్తకంలో ఈ మాట ఎక్కడుందో వెతికి చదవండి.

అయితే చెట్టు తాగిన దానికి బదులు ఇస్తుంది. కొమ్మలు వాన దెబ్బను ఆపుతాయి. రాలిన ఆకు నేలను కప్పుతుంది. వేర్లు మట్టిని పట్టి ఉంచుతాయి. పాత వేర్లు కుళ్లిపోయిన చోట లోతుగా గొట్టాలు మిగిలి, నీటికి దారి ఇస్తాయి. అందుకే రకరకాల చెట్లు, పొదలు, గడ్డి, ఎండుటాకు అన్నీ కలిసి ఉన్న అడవి నేల నీటిని బాగా దింపుతుంది. ఒకే రకం చెట్లు వరసగా నాటి, కింద నేల ఊడ్చినట్టు ఉంటే అంత మేలు జరగదు.

చాలా ఊళ్లలో దేవతల తోపులు ఉన్నాయి. పెద్దలు అక్కడ కత్తి పెట్టనివ్వలేదు. అలాంటి తోపు కింది వైపున ఊట ఉందేమో మీ ఊళ్లో చూడండి.

చేసి చూడండి

రెండు పాత రేకు పళ్లేలు తీసుకోండి. ఒక దానిలో వట్టి మట్టి పరచండి. రెండో దానిలో గడ్డి దుబ్బులు మట్టితో సహా తెచ్చి పరచండి, పైన ఎండుటాకు వెయ్యండి. రెండు పళ్లేలను రాయి ఆనించి ఒకే వాలులో పెట్టండి. కింద ఒక్కో గిన్నె పెట్టండి. రెండింటి మీద చేతి వేళ్ల సందుల్లోంచి ఒక్కో చెంబు నీరు వానలా పోయండి.

ఏ గిన్నెలోకి నీరు ముందు వచ్చింది? ఏ గిన్నెలో ఎర్రగా ఉంది? ఏ గిన్నెలో తక్కువగా, తేటగా ఉంది? రెండు పళ్లేలూ రెండు కొండలు అనుకుని మాట్లాడుకోండి.

ఊట ఎందుకు సన్నబడుతోంది?

"పోడు వల్లే అంతా పాడైంది" అని కొందరు అంటారు. అది సగం మాటే. మన తాతల నాడు ఒక చోట రెండు మూడేళ్లు పోడు చేసేవారు. తర్వాత చాలా ఏళ్లు ఆ నేలను వదిలేసేవారు. అడవి మళ్లీ లేచేది. మట్టి మళ్లీ మెత్తబడేది. ఇప్పుడు జనం పెరిగారు, నేల చాలడం లేదు. నేలకు విశ్రాంతి తగ్గింది. కలప కోసం, రోడ్ల కోసం, ఆనకట్టల కోసం కూడా అడవి పోయింది. వానలు కూడా ఒక్కసారే మీద పడి, తర్వాత చాలా రోజులు ముఖం చాటేస్తున్నాయి.

తిండి గింజలు కావాలి, నీరూ కావాలి. రెండూ దక్కాలంటే ఏం చెయ్యవచ్చు?

కొండ నెత్తిన, ఊట పై భాగాన ఉన్న అడవిని నరకకుండా ఉంచుకోవాలి. ఎకరం అయినా రెండెకరాలు అయినా సరే.

చేనులో వాలుకు అడ్డంగా దున్నాలి. వాలు వెంట దున్నితే ప్రతి చాలూ ఒక చిన్న గెడ్డ అవుతుంది.

చేనులో ఏరిన రాళ్లతో వాలుకు అడ్డంగా గట్లు వెయ్యాలి. గట్ల మీద కొండచీపురు నాటాలి. దాని వేర్లు మట్టిని పడతాయి. చీపుర్లు సంతలో అమ్ముకోవచ్చు.

బాగా నిటారుగా ఉన్న చేలలో చోడి, సామ తగ్గించి, పనస, మామిడి, నీడ చెట్ల కింద కాఫీ, మిరియం వంటివి పెంచుకోవచ్చు.

ఎండాకాలంలో ఎండుటాకు తగలబెట్టకూడదు. అది చెత్త కాదు, నీటి గాదెకు మూత.

ఊట నోటి దగ్గర రాయిని పగలగొట్టకూడదు. లోపలి నీరు వేరే దారి పట్టవచ్చు.

తేట నీరంతా మంచి నీరు కాదు

ఊట నీరు తేటగా, చల్లగా ఉంటుంది. అయినా దానిలో రోగం ఉండవచ్చు. మట్టిలో మేలు చేసే సూక్ష్మజీవులు ఉన్నట్టే, మలంలో రోగం తెచ్చే సూక్ష్మజీవులు ఉంటాయి. ఊట పై వైపు మలవిసర్జన చేస్తే, పశువులు కడిగితే, పెంట పోగు వేస్తే వాన నీటితో అవి ఊటలోకి దిగుతాయి. విరేచనాలు, టైఫాయిడ్, పచ్చకామెర్లు అలా వస్తాయి. ఎక్కువగా బలయ్యేది చిన్న పిల్లలు.

1854లో లండన్ నగరంలో బ్రాడ్ వీధి అనే చోట కలరా వచ్చింది. 500 మందికి పైగా చనిపోయారు. చెడు గాలి వల్ల వచ్చిందని అప్పట్లో చాలామంది అనుకున్నారు. జాన్ స్నో అనే డాక్టరు ఇంటింటికీ తిరిగాడు. ఏ ఇంట్లో ఎవరు పోయారు, వాళ్లు ఏ నీరు తాగారు అని రాసుకున్నాడు. ఎక్కువ మంది ఒకే చేతి పంపు నీరు తాగారని తేలింది. ఆ పంపు పిడి తీయించాడు. ఆ బావి పక్కనే మలం గుంట ఉందని తర్వాత తెలిసింది. అడిగి, లెక్క పెట్టి, రాసుకోవడం వల్ల నిజం బయట పడింది.

మనం చెయ్యాల్సిన పనులు ఇవి. ఊట చుట్టూ కంచె కట్టాలి. పశువులకు, బట్టలు ఉతకడానికి కింది వైపు చోటు పెట్టాలి. ఊటకు పై వైపు మరుగుదొడ్డి, పెంట పోగు ఉండకూడదు. తాగే నీటిని కళపెళ మరిగించి, చల్లార్చి, మూత పెట్టాలి. చేయి ముంచకుండా పిడి గరిటెతో తీసుకోవాలి. గుడ్డతో వడకడితే నలక పోతుంది కానీ సూక్ష్మజీవులు పోవు.

బిడ్డకు విరేచనాలు అవుతుంటే నీరు ఆపకూడదు. తల్లి పాలు ఆపకూడదు. ఆశా కార్యకర్త దగ్గర ఓఆర్‌ఎస్ పొట్లం తీసుకుని, లీటరు నీటిలో కలిపి కొంచెం కొంచెం తాగించాలి. పొట్లం లేకపోతే మరిగించి చల్లార్చిన లీటరు నీటిలో, టీ చెంచాతో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. చెంచా కొలత సమంగా ఉండాలి, ఉప్పు ఎక్కువ కాకూడదు. కళ్లు లోపలికి పోయినా, బిడ్డ తాగలేకపోయినా, మలంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మన గెడ్డ ఎంత దూరం పోతుంది?

మన మండలం గెడ్డల్లో చాలా వరకు మాచ్‌ఖండ్ నదిలో కలుస్తాయి. ఆ నది మాడుగుల కొండల్లో పుట్టింది. హుకుంపేట మండలం మఠం దగ్గర మత్స్యగుండం మీదుగా వస్తుంది. జోలాపుట్టు జలాశయంలో నిలుస్తుంది. డుడుమ దగ్గర 150 మీటర్లకు పైగా లోతుకు దూకుతుంది. ఆ నీటితో ఒనకఢిల్లీ దగ్గర 1955 నుంచి కరెంటు తీస్తున్నారు. ఆ తర్వాత అదే నది సీలేరు అవుతుంది. శబరిలో కలుస్తుంది. శబరి గోదావరిలో కలుస్తుంది. గోదావరి సముద్రంలో కలుస్తుంది. బొర్రా వైపు గోస్తనీ నది తాటిపూడి జలాశయం నింపి, విశాఖపట్నానికి తాగే నీరు ఇస్తుంది.

చూశారా! మన కొండ మీద ఇంకిన నీరు కరెంటు దీపం అవుతుంది, పట్నంలో కుళాయి అవుతుంది, గోదావరి మడుల్లో వరి అవుతుంది. మనం కొండను కాపాడితే కింద ఉన్న వాళ్లందరికీ మేలు.

ఊట లెక్క రాద్దాం

మీకు ఇప్పుడు రాయడం వచ్చింది. లెక్క వచ్చింది. ఈ పని చెయ్యండి.

నెలకు ఒకసారి, ఒకే తేదీన, ఒకే బిందె ఊట కింద పెట్టండి. బిందె నిండడానికి ఎంతసేపు పట్టిందో గడియారంలో గానీ ఫోనులో గానీ చూడండి. పుస్తకంలో ఇలా రాయండి: తేదీ. ఊట పేరు. బిందె నిండడానికి పట్టిన నిమిషాలు. నీరు తేటగా ఉందా, ఎర్రగా ఉందా. ఆ నెలలో ఎన్ని ఇళ్లలో విరేచనాలు వచ్చాయి.

ఒక ఏడాది రాస్తే ఏ నెలలో కష్టం వస్తుందో కాగితం మీద కనబడుతుంది. మూడేళ్లు రాస్తే ఊట పెరుగుతోందా, తగ్గుతోందా తెలుస్తుంది. "మా ఊళ్లో నీరు లేదు" అని నోటితో చెబితే విని వదిలేస్తారు. "ఏప్రిల్‌లో బిందె నిండడానికి ఇన్ని నిమిషాలు పట్టింది, ఇదిగో మూడేళ్ల లెక్క" అని చూపిస్తే కొట్టిపారెయ్యడం కష్టం.

ఆ పుస్తకం గ్రామసభలో పెట్టండి. ఏజెన్సీలో గ్రామసభకు బలం ఉంది. 1996లో పెసా చట్టం వచ్చింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అడవిని, నీటి వనరులను, ఊటలకు పైనున్న చోటును కాపాడే అధికారం గ్రామసభకు ఉందని ఆ చట్టంలో రాసి ఉంది. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల గనుల లీజులు ప్రైవేటు వాళ్లకు ఇచ్చినప్పుడు సమత అనే సంస్థ కోర్టుకు వెళ్లింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని గిరిజనులు కాని వాళ్లకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని ఆ తీర్పు.

మన ఏజెన్సీలో కొన్ని కొండల నెత్తిన బాక్సైటు ఉంది. అల్యూమినియం గిన్నెలు దాని నుంచే వస్తాయి. అది కూడా ఖోండలైట్ రాయి లక్షల ఏళ్లు వానకు నాని మారిందే. కొండ నెత్తి తవ్వాలా వద్దా అనే మాట వచ్చినప్పుడు, మన ఊటల గురించి గట్టిగా అడగాల్సింది మనమే. నీరు మోసేది మనం కదా!

కొత్త మాటలు

సూక్ష్మజీవులు: కంటికి కనబడని చిన్న జీవులు.
జలాశయం: ఆనకట్ట కట్టి నీరు నిలవ చేసిన చోటు.
ఖోండలైట్: మన కొండల రాయి.
ఆవిరి: వేడికి పైకి పోయే నీరు.
తీర్పు: కోర్టు చెప్పిన చివరి మాట.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ చిన్నప్పుడు మీ ఊళ్లో ఎన్ని ఊటలు ఉండేవి? ఇప్పుడు ఎన్ని ఉన్నాయి? పెద్దమ్మలను అడిగి పేర్లు రాయండి.
2. మీ ఊటకు పై వైపు ఏముంది? అడవా, చేనా, బోడి కొండా?
3. ఊట పై భాగాన రెండెకరాలు నరకకుండా ఉంచాలంటే ఎవరికి నష్టం వస్తుంది? ఆ ఇంటికి ఊరు ఎలా సాయం చెయ్యగలదు?
4. మీ ఇంటికి రోజుకు ఎన్ని బిందెలు కావాలి? ఎండాకాలంలో దానికి ఎంతసేపు నడుస్తున్నారు? లెక్క కట్టండి.

రాయండి

మీ ఊట పేరు, ఈ రోజు తేదీ, బిందె నిండడానికి పట్టిన నిమిషాలు ఈ కింద రాయండి. ఇదే మీ మొదటి లెక్క.

ఊట పేరు: ....................
తేదీ: ....................
నిమిషాలు: ....................
రాసిన వారు: ....................